తొమ్మిదో లెక్కింపు

బారికేడుకి ఇవతల నిలబడి
పెన్సిల్ ముక్కతో గీతలు గీయడం నా పని.
అవతల బల్లల మీద బ్యాలెట్లు మడతలు విప్పుకుంటుంటే
ఏ పేరు పక్కన ఒకటి పడిందో, ఏ పేరు పక్కన రెండో
అధికారి కంటే ముందు నేను ఏరుకోవాలి.
ముగ్గురు టియర్నన్‌లకు లెక్క రాశాను.

మొదట పెద్దాయన, మాలకీ.
పీట్ గడ్డలు తవ్విన చేతులు.
చెయ్యి కలిపితే సాయంత్రం దాకా వేళ్ళు సలిపేవి.
"పెళ్ళికి పిలవకపోతే పోనీరా,
చావు మాత్రం తప్పకూడదు" అనేవాడు.
నియోజకవర్గంలో ఏ శవపేటిక లేచినా
మూడో వరుసలో ఆయన ఉండేవాడు, టోపీ చేతిలో పట్టుకుని.

తర్వాత ఫింటన్.
తండ్రి ఓవర్‌కోటూ, తండ్రి సీటూ
రెండూ భుజాల దగ్గర కాస్త వదులు.
నల్ల అట్ట నోటుబుక్కు మొదలుపెట్టింది ఆయనే.
ఎవరి ఆవు ఎప్పుడు ఈనింది,
ఎవరి కొడుకు లండన్‌లో ఏ మేస్త్రీ కింద ఉన్నాడు,
పింఛను ఎవరికి ఇప్పించాం, ఎవరు మరిచిపోయారు.
నలభై తొమ్మిదో ఏట, లాంగ్‌ఫర్డ్ దాటాక,
కారు పక్కకు ఆపి స్టీరింగ్ మీద తల ఆన్చాడు.
మళ్ళీ ఎత్తలేదు.

ముందు గదిలో శవం.
వంటింట్లో పార్టీవాళ్ళు ముగ్గురు, తడి కోట్లు,
సగం కొరికిన హ్యామ్ శాండ్‌విచ్‌లు.
బ్రీద్‌కి ఇరవై నాలుగు. పశువైద్యం ఆఖరి ఏడాది.
"ఉప ఎన్నికకి ఇంటిపేరు కావాలమ్మా" అన్నారు.
ఆమె ఔననలేదు, కాదనలేదు.
"టీలో పాలు పొయ్యనా?" అంది.
దాన్నే వాళ్ళు ఒప్పుకోలు కింద జమకట్టుకున్నారు.

ఇరవై ఆరేళ్ళు.
శనివారాలు పబ్ వెనక గదిలో
బీరు పీపాల మధ్య మడత కుర్చీ.
గుంటలు పడ్డ రోడ్డు, మూసేసిన పోస్టాఫీసు, కంచె తగాదా.
ఒకసారి డ్రమ్‌లాహా ముసలాయన
కుంటుతున్న గొర్రెనే తోలుకొచ్చాడు.
ఆ పూట ఆమె ముఖం చూడాలి!
మోకాళ్ళ మీద కూర్చుని, గిట్ట అరచేతిలోకి తీసుకుని
వరుసలో ఉన్న ఇరవై మందినీ మరిచిపోయింది.

మా జిల్లా ఆసుపత్రి గుండె వార్డు మూసేయాలని
డబ్లిన్‌లో బిల్లు వచ్చింది. పార్టీ విప్ ఇచ్చింది.
ఆమె 'ఔను' మీట నొక్కింది.
ఆ రాత్రి నాకు ఫోన్ చేసి
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా అక్క ఊనా జనవరిలో పోయింది.
కొత్త ఆసుపత్రికి యాభై మైళ్ళు.
అంబులెన్సు సగం కూడా దాటలేదు.
బ్రీద్ వచ్చింది. మూడో వరుస.
నా చెయ్యి పట్టుకుంది.
వాళ్ళ ఉప్పు తిన్నవాణ్ణి, విడిపించుకోలేదు.

ఫిబ్రవరిలో ఎన్నిక. ఓటు గదిలో తాడు కట్టిన పెన్సిల్
నలభై ఏళ్ళు నడిచిన దారి దగ్గర ఆగింది.
ఆసుపత్రి కమిటీ కుర్రాడికి ఒకటి.
ఆమెకు రెండు.

తొమ్మిదో లెక్కింపు, తెల్లవారుజామున మూడు.
ఓడినవాళ్ళ ఓట్లు చేతులు మారి మారి
చివరికి ఒక్క సీటు, ఆ కుర్రాడూ ఆమే.
నా రెండు ఎవరికీ పనికి రాలేదు.
ఆ కుర్రాడి కట్టలోనే మడిచి ఉండిపోయింది.
"పదకొండు తక్కువ" అని నేనే చెప్పాను,
అధికారి మైకు అందుకోకముందే.
నా గీతలు ఎప్పుడూ తప్పవు.
బ్రీద్ బూట్లు విప్పి, గోడకి ఆనుకుని కూర్చుంది.

వారం తర్వాత నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
"మా ఇంట్లో ఇంకెవరూ నిలబడరు, ప్యాకీ."
మా పేజీ తనే తీసింది.
ఫింటన్ రాతలో మా నాన్న అప్పు, మా కుక్క పేరు.
కింద ఆమె రాతలో:
ఊనా. గుండె. వార్డు దగ్గరుండాలి.
పక్కన తేదీ.
బిల్లుకి ముందు రోజు.

గోడ గడియారం వినపడింది.
పదకొండులో నాది ఉందా అని ఆమె అడగలేదు.
కోటు తొడుక్కుంటూ, "డ్రమ్‌లాహాలో చావు" అంది.
"ఇప్పుడు ఇంకెందుకమ్మా?"
తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది.
"గొర్రెని తెచ్చినాయన."